పుష్పమ్మ ముఖం చూసినవాళ్లు

మా హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరూ నిద్రపోరు. పోతే నాకు హాయి. నేను వార్డెన్‌ని, ఆడపిల్లలు మేలుకొని ఉన్నంతసేపూ నా చెవులు మేలుకొనే ఉండాలి. వనపర్తి బస్టాండు వెనక సందులో ఉన్న ప్రైవేటు హాస్టలు మాది. డిగ్రీ పిల్లలు, నర్సింగు పిల్లలు, పోటీ పరీక్షలకు చదువుతున్నామని ఇంట్లో చెప్పుకున్నవాళ్లు కొందరు. భోజనాల హాల్లో గోడకు ఒక టీవీ ఉంది. వార్తలు చూస్తారని యజమాని పెట్టించాడు. ఆ పాపం ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు.

మొన్న చలికాలంలో వీళ్లకు ఒక జపాను బొమ్మల సీరియల్ పిచ్చి పట్టింది. బొమ్మలంటే చిన్నపిల్లలు చూసేవి కావు, పెద్దలకు మాత్రమేనని మొదట్లోనే రాసి చూపించారు. సమురాయ్ అంటే అక్కడి కత్తివీరుడట. ఒక సమురాయ్ ఇంటిల్లిపాదినీ నలుగురైదుగురు దొరలు కలిసి చంపేస్తారు. మిగిలిన ఒక్క కొడుకు పెద్దవాడై, కత్తి పట్టుకొని, మంచులో నడుచుకుంటూ వాళ్లను వెతుక్కుంటూ పోతాడు. పోతాడు, నరుకుతాడు, మళ్లీ పోతాడు. కథ అంతే. మాటలు తెలుగులోనే పెట్టారు కాబట్టి అర్థం కాలేదనడానికి లేదు. తెల్లటి మంచు మీద నెత్తురు ఎంత ఎర్రగా వేశారంటే, మొదటి రోజు నేను కుర్చీ వెనక్కి తిప్పేసుకున్నాను. ఆపండని కేకేశాను. "బొమ్మలే గద మేడం" అన్నారు. పై ఆదివారం అందరికంటే ముందు కుర్చీ వేసుకున్నది నేనే. ఏం చేస్తాను, రెండో దొర ఎలా చస్తాడో చూడొద్దూ?

ఈ తతంగానికంతా పెద్ద శైలజ. నాగర్‌కర్నూల్ వైపు పిల్ల, నోరు గట్టిది. ఫోన్లో ఆమెకో ఛానల్ ఉంది. అందులో ఆమె సీరియల్ చూపించదు, సీరియల్ చూసేవాళ్ల ముఖాలు చూపిస్తుంది. "బొమ్మ చూపిస్తే కంపెనీవాళ్లు ఊకోరు మేడం. చూసెటోళ్లను చూపిస్తే ఎవరికేం బాధ?" అంది. ఎవరి పిచ్చి వారికానందం అనుకున్నాను. టీవీ కింద ఒక స్టీలు డబ్బాకు ఫోను ఆనించి పెట్టేది. కత్తి దూసినప్పుడల్లా రాధిక అనే నర్సింగు పిల్ల చున్నీ కొస నోట్లో కుక్కుకునేది. ఒకతి కళ్లు మూసుకొని "అయిందా, అయిందా" అని పక్కదాన్ని గిల్లేది. నేనైతే దొరలను ఉర్దూలో తిట్టేదాన్నట. వీడియోలో నన్ను నేను చూసుకొని సిగ్గుతో చచ్చాను. ఇంతలావు ముఖం, అంత నోరు.

ఆ వీడియోలో అందరి వెనక, గోడకు ఆనుకొని, వంటమనిషి పుష్పమ్మ కూర్చొని ఉంది. ఒళ్లో చేట, చేటలో చిక్కుడుకాయలు. తెర మీద తల తెగి మంచులో పడింది. హాలంతా గొల్లుమంది. పుష్పమ్మ చిక్కుడుకాయ ఈనె తీసి, చేటలో వేసి, ఇంకోటి అందుకుంది. రెప్ప కూడా వేయలేదు.

జనానికి ఇంకేం కావాలి? వీడియో ఫోన్ల మీద ఫోన్లు దాటి పాలమూరంతా తిరిగింది. కింద ఏమేం రాశారో శైలజ నాకు చదివి వినిపించేది. "గీ అక్కను చూస్తే సమురాయే భయపడాలె" అని ఒకడు. "మా అత్త గూడ గింతే, ఏం చెప్పినా గోడకు చెప్పినట్టే" అని ఇంకొకామె. "ఆంటీకి సీరియల్ కన్న చిక్కుడుకాయ ముఖ్యం" అని మల్దకల్ పిల్లవాడెవడో. అందరూ అడిగింది మాత్రం ఒకటే, ఆ అక్కను ముందు కూర్చోబెట్టండని.

పిల్లలు పోయి అడిగారు. పుష్పమ్మ కాదనలేదు.

"కూసోమంటే కూసుంట. చేసే పని నా చేతుల్నే ఉంటది గద."

అలా మూడో దొర, నాలుగో దొర చచ్చేటప్పుడు పుష్పమ్మ ముందు వరసలో కూర్చొని వెల్లుల్లి వలిచింది, చింతపండు గింజలు తీసింది. పక్కనుంచి పిల్లలు ఆమె ముఖాన్నే చూసేవాళ్లు. ఇప్పుడైనా ఉలిక్కిపడుతుందా, ఇప్పుడైనా? పడేది కాదు. "ఎట్లుందక్కా?" అని శైలజ ఫోను మూతి దగ్గర పెట్టి అడిగితే, కాసేపు ఆలోచించి, "మంచు బాగ పడ్తుంది. గాడ బట్టలెట్ల ఆర్తయో" అంది. ఆ ఒక్క మాటకు జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, దాచడమెందుకు?

కానీ ఒకరోజు శైలజ చదివిన మాటకు నాకు ఒళ్లు మండింది. హైదరాబాదులో ఉంటాడట ఆ మహానుభావుడు. "ఈమెకు జీవితంలో కష్టమంటే ఏంటో తెలిసినట్టు లేదు, అదృష్టవంతురాలు" అని రాశాడు. ఫోను లాక్కొని వాడికి నాలుగు గడ్డి పెడదామనుకున్నాను. మన కడుపులో మాట కాదు కదా, పక్కమనిషిది. ఊరుకున్నాను.

పుష్పమ్మది గోపాల్‌పేట మండలంలో ఒక పల్లె. భర్త చెన్నయ్య. చెన్నయ్యకు చిన్నాయన కొడుకు మాసయ్య. ఒకే గెట్టుకు అటొకరు ఇటొకరు వేరుశనగ వేసేవాళ్లు. ఇద్దరికీ కలిపి ఒకటే బోరు. నా వంతులో నువ్వెందుకు మోటారు వేశావంటే నువ్వెందుకు వేశావని మాటా మాటా పెరిగింది. మాసయ్య మళ్లలోకి నీళ్లు తిప్పుతున్నాడేమో, చేతిలో పార ఉంది. పుష్పమ్మ సద్ది పట్టుకొని గట్టు మీద నడిచి వస్తూ ఉంది. ఆమె చూస్తుండగానే అయిపోయింది. పాత పగా లేదు, పన్నాగమూ లేదు. చేతిలో పార లేకపోయి ఉంటే ఆ రోజు ఒక చెంపదెబ్బతో పోయేది. కోర్టులో పుష్పమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. మాసయ్య జైలుకు పోయాడు.

ఆమె ఏడవలేదు. వాళ్ల పల్లెల్లో చావింటికి వచ్చిన ప్రతి ఆడమనిషీ పోయినవాడి భార్యను కావలించుకొని, పోయినవాడి గుణాలన్నీ మాటల్లో కట్టి, శోకం తీసి ఏడవాలి. ఆమె కూడా అలాగే జవాబివ్వాలి. ఎంతమంది వచ్చి మెడ మీద పడి ఏడ్చినా పుష్పమ్మ ఊరికే కూర్చుంది. మొగుడు పోతే కంట్లో చుక్క రాని ఆడదని ఊరు చెప్పుకుంది. పిల్లలు కూడా లేరు. ఆ మాటల మధ్య ఉండలేక వనపర్తి వచ్చి మా వంటింట్లో చేరింది. ఇదంతా నాకు ఆమే చెప్పింది, చారు పోపు పెడుతూ, పక్కింటి కబురు చెప్పినట్టు. నేను కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడుస్తుంటే, "జర కరివేపాకు ఇటియ్యక్కా" అంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పింది. ఒకే వంశపు మగవాళ్ల ఇళ్లను వాళ్లు పాలోళ్లంటారు. పాలోళ్లలో ఒకరు పోతే అన్ని ఇళ్లకూ మైల. చంపినవాడైనా పాలోడే కాబట్టి చెన్నయ్య చావుకు మాసయ్య ఇంటికీ మైల వచ్చింది. దినం నాడు అందరితోపాటు మాసయ్య భార్య బాలనాగమ్మ కూడా తలనీళ్లు పోసుకోవాలి. కానీ ఆమెను ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. ఏడవబోతే "నీకేం హక్కున్నది" అని నోరు మూయించారట. ఊరవతల ఎవరి బోరు దగ్గరో ఒక్కతే పోసుకుందట.

సరే, ఇవన్నీ పాత మాటలు. ఆఖరి దొర ఒక్కడు మిగిలి ఉండగా, ఒక పొద్దున మా హాస్టలు గేటు దగ్గరికి పంచె కట్టుకున్న ముసలాయన వచ్చాడు. శంకరయ్య అని, పుష్పమ్మకు చిన్నమామ వరస. పాలోళ్లలో పెద్ద. వంటింటి అరుగు మీద కూర్చొని నీళ్లు తాగాడు. పుష్పమ్మ కొంగు తల మీదికి లాక్కుంది.

"మాసయ్య సచ్చిపోయిండు బిడ్డా" అన్నాడు. "పానం బాగలేక జైలు నుంచి ఇంటికి పంపిన్రు. వచ్చినంక ఎక్కువ దినాలు బతకలే."

"అయ్యో" అంది పుష్పమ్మ. ఎవరో బస్సు తప్పిపోయిందంటే అన్నట్టు అంది.

"ఐతవారం దినం. దినం నాడు పాలోళ్లు ఆ ఇంట్ల అన్నం ముట్టుకుంటెనే మైల తీరినట్టు, నీకు తెల్వంది కాదు. అందరం కూసోని మాట్లాడినం. పుష్పమ్మ వచ్చి ముట్టుకుంటెనే మేం ముట్టుకుంటం, లేకుంటే లేదు అన్నరు. చెన్నయ్యకు అన్యాలమైంది గద."

"నేను ముట్టుకోకుంటే?"

"బాలనాగికి మైల తీరదు. ఆమె చేతి నీళ్లు ఎవ్వలు తాగరు. కలుపు తీయనీకి పిలువరు, గడప తొక్కనియ్యరు. ఆడిది ఒక్కతే, ఎట్ల బతుకుతదో మరి." ముసలాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "రా అనను, రాకు అనను. నీ ఇష్టం బిడ్డా. నిన్ను అడుగనీకి మాకు మొఖం లేదు."

ఆయన వెళ్లాక వంటింటి తలుపు వెనక నుంచి పిల్లలు బయటికొచ్చారు. అంతా విన్నారు. జైలు, అన్యాలం రెండూ కలుపుకొని చెన్నయ్యకు ఏమైందో అర్థమయ్యేసరికి శైలజ ముఖం పాలిపోయింది. ఆ కాసేపే. తర్వాత మొదలైంది చూడండి, ఎవరి తీర్పు వాళ్లది. "పోవద్దక్కా. గట్లనే ఉండనియ్, తెలుస్తది" అని ఒకతి. "పోవాలె. అందరి ముంగట మొఖం మీద చెప్పి రావాలె" అని రాధిక. బాలనాగమ్మ ఏం చేసింది పాపమని ఇంకో పిల్ల అంటే అందరూ దాని మీద పడ్డారు. మధ్యాహ్నం అన్నం దగ్గర అదే, రాత్రి చపాతీల దగ్గర అదే. పుష్పక్క పోతుందా, పోదా? వచ్చే ఆదివారం ఏమవుతుందో చూడాలన్న ఆ ఆత్రం నేను ఎరిగినదే, టీవీ ముందు మాకందరికీ ఉన్నదే. పుష్పమ్మ వడ్డిస్తూ పోయింది. "మేడం, నేను గూడ పోయి వీడియో..." అని శైలజ నోరు తెరిచింది. "చెప్పు తెగుతది" అన్నాను. మళ్లీ ఎత్తలేదు. ఆ రాత్రే తన పాత వీడియోలన్నీ తీసేసిందని తర్వాత తెలిసింది.

శనివారం సాయంత్రం పుష్పమ్మ నా గదికి వచ్చి నిలబడింది.

"తస్లీమక్కా, రేపు నాతోని వస్తవా?"

వస్తానన్నాను. పొద్దున గోపాల్‌పేట బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఊరు దాటాక, తనంతట తానే చెప్పింది.

"తలనీళ్లు పోసుకుంట. ఆకు ముంగట కూసుంట. అన్నం పెట్టినంక లేస్త."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. రాకపోతే సరే, రాలేదని సరిపెట్టుకుంటారు. వచ్చి, అందరి మధ్య కూర్చొని, వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచిపోతే ఆ ఇంటిని ఇక ఏ జన్మలోనూ ఎవరూ కలుపుకోరు. కత్తి అక్కర్లేదు, పార అక్కర్లేదు. ఒక మనిషిని బతికుండగానే పూడ్చేయడానికి ఊరికే లేచి నిలబడితే చాలు. వద్దని చెప్పాలి కదా నేను? చెప్పలేదు. సిగ్గు లేకుండా నిజం చెప్తున్నాను, నాకు లోపల ఎక్కడో సంబరంగా కూడా ఉంది. చెన్నయ్యకు ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలి కదా అనిపించింది.

ఆటో దిగేసరికే ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. "వీడియోల ఉన్నది గీమెనే." ఆ పల్లెకూ చేరిందన్నమాట. అందరూ ఆమె ముఖం వంకే చూస్తున్నారు. ఫోన్లో చూసిన ముఖమే ఎదురుగా నడిచి వస్తోంది, అంతకంటే ఎక్కువేమీ దొరకలేదు వాళ్లకు.

బోరు దగ్గర ఆడవాళ్లకు తలనీళ్లు పోశారు. పుష్పమ్మ తడిబట్టలతో లేచి నిలబడింది. ఎదురుగా బాలనాగమ్మ. ఎండిన కట్టెలా ఉంది మనిషి. నుదుట బొట్టు తీసేసిన చోట చర్మం తెల్లగా కనబడుతోంది. ఒక్క నిమిషం ఇద్దరూ చూసుకున్నారు. తర్వాత బాలనాగమ్మ వచ్చి పుష్పమ్మ మెడ మీద పడి శోకం తీసింది. మొగుడి దినం కదా, మొగుడి పేరు చెప్పి ఏడుస్తుందని అనుకున్నాం. ఆమె మాసయ్య పేరు ఎత్తలేదు.

"ఓ చెన్నయ్య బావో... నాకు అన్నవై ఆదుకుంటివి బావో... నీ దినం నాడు నన్ను ఏడ్వనియ్యకపాయిరి బావో... నా పెండ్లికి పందిరి గుంజలు పాతింది నువ్వే గద బావో... నిన్ను తల్సుకోనీకి నాకు నోరు లేకపాయె బావో..."

ఇన్నేళ్లూ మింగిన ఏడుపంతా అదే. తన మొగుడి దినం నాడు, తన మొగుడి చేతిలో చచ్చినవాడి కోసం ఏడ్చింది. అక్కడున్న ఆడవాళ్లు ఎవరూ నిలవలేకపోయారు. ఊరు కాని ఊరులో, ఎవరికీ ఏమీ కాని నేను కూడా బోరు గోడ పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చాను. పుష్పమ్మ చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. కొంగు నుంచి నీళ్లు కారుతున్నాయి. కాసేపు చూసి, "సలి పెడ్తుంది బాలనాగీ, వదులు" అంది.

భోజనాలకు ఇంటిముందు పందిట్లో ఆకులు వేశారు. పాలోళ్ల ఆడామగా వరసగా కూర్చున్నారు. మధ్యలో పుష్పమ్మ. నేను పరాయిదాన్ని కాబట్టి దూరంగా అరుగు మీద కూర్చున్నాను. బాలనాగమ్మే గంప పట్టుకొని అన్నం పెట్టింది, కూర పోసింది. వడ్డన అయింది. ఎవరూ చేయి కదపలేదు. శంకరయ్య ఒళ్లో చేతులు పెట్టుకొని పుష్పమ్మ వంక చూస్తున్నాడు. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. బాలనాగమ్మ చూడలేక గంపలోకి తలవంచుకుంది.

పుష్పమ్మ లేచింది.

ఎవరో "అయ్యో" అన్నారు. శంకరయ్య కళ్లు మూసుకున్నాడు. నాకు బస్సులో కలిగిన సంబరం ఏమైందో తెలియదు, లేచి పరుగెత్తి ఆమె భుజాలు పట్టుకొని కూర్చోబెట్టాలనిపించింది. పుష్పమ్మ వరస దాటి బయటికొచ్చింది. బయటికొచ్చి, బాట వైపు తిరగకుండా, బాలనాగమ్మ పక్కనుంచే నడిచి, నేరుగా ఆ ఇంటి వంటింట్లోకి పోయింది. లోపల డబ్బాలు తీసిన చప్పుడైంది. గుప్పిట మూసుకొని తిరిగొచ్చి, తన ఆకు మూలన గుప్పెడు ఉప్పు పోసుకొని కూర్చుంది.

"ఉప్పు పెట్టకుంట వడ్డిస్తరా ఎవరన్న?" అంది బాలనాగమ్మతో. "అందరికి పెట్టు, పో."

అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాతే వరసలో చేతులన్నీ కదిలాయి. బాలనాగమ్మ ఉప్పు కోసం లోపలికి పోయి, చాలాసేపు బయటికి రాలేదు. లోపలి నుంచి వినబడిన ఏడుపు మాత్రం మాసయ్య కోసమే.

సాయంత్రం బస్సులో మళ్లీ కిటికీ పక్కనే కూర్చుంది. కండక్టర్ ఆధార్ కార్డులు చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్లు చించి ఇచ్చిపోయాడు. నాకు సంతోషంతో కడుపు నిండిపోయి ఉంది. ఎంత గొప్పపని చేశావే తల్లీ, ఎంత పెద్ద మనసే నీది అని ఏదేదో అన్నాను. క్షమించేశావు అన్నాను. ఆమె నా మాట మధ్యలోనే తల అడ్డంగా ఊపింది.

"లేదక్కా. పోదామనే లేసిన. లేసి నిలవడ్డంక, కోపం వస్తదని సూసిన. గింతగనం కోపం నా లోపల దాసిపెట్టుకున్ననని అనుకుంటుంటి. ఏడ్పు రాకపోయె, పోనీ, గదన్న ఉన్నదనుకున్న. సూస్తే గది గూడ లేదు. నిలవడ్డ సోట ఎటు పోవాల్నో తెల్వలే. కాళ్లు వంటింట్లకు పోయినయి."

ఆమె చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని, వాటి వంక చూస్తూ అడిగింది.

"చెన్నయ్యది నా దగ్గర ఉన్నది గా కోపమొక్కటే అనుకుంటి అక్కా. ఇప్పుడు ఆయనది నా దగ్గర ఏమున్నట్టు?"